మా యింటి యరుగు: పతకముల జోస్యమునకు మార్కులు

లెక్క తప్పుట వేఱు. లెక్క తప్పుటవలన ఒకరికి రావలసినది మఱియొకరికి పోవుట వేఱు. మొదటిదానిని పలక తుడిచి దిద్దుకొనవచ్చును. రెండవదానిని దిద్దుటకు నలుగురి యెదుట నిలువవలసివచ్చును. ఈ మాసమున నేను వ్రాయబూనిన సంగతి రెండవ తెగకు చెందినది. తప్పు చేసినది నేనే కావున సంకోచింపక ఉన్నదున్నట్లు వ్రాయగలను.

విశాఖపట్టణమున పూర్ణా మార్కెట్టునకు వెనుక వీథిలో మేము కాపురముందుము. తెల్లవాఱకమునుపే బండ్ల చప్పుడును, గోనెసంచులు దింపువారి కేకలును మమ్ము మేలుకొలుపును. మధ్యాహ్నము రెండు గంటలకు బేరములు సన్నగిల్లును. ఆ వేళకు మా యరుగుమీద ఇరుగుపొరుగు స్త్రీలము పదిమందిమి చేరి, పప్పులో రాళ్లు ఏఱుకొనుచు, పూలు కట్టుకొనుచు, పురాణమో పత్రికయో చదువుకొనుట వాడుక. చదువుట నా వంతు. మా నాయనగారు నాకు ఇంటియొద్దనే భారత భాగవతములు చెప్పిరి. బడికి పోయి లెక్కలు నేర్చినదానను గాను. మావారు ఉపాధ్యాయులగుటచే లెక్కలన్నియు వారి వంతని చిరకాలము నిశ్చింతగా నుంటిని.

2023వ సంవత్సరము సెప్టెంబరు 23 మొదలు అక్టోబరు 8 వఱకు చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున 19వ ఆసియా క్రీడలు జరిగెను. అవి 2022లో జరుగవలసినవి. మహమ్మారి కారణమున ఒక యేడు వెనుకబడెను. ఆ క్రీడలతో మా యరుగునకేమి పని యందురా? విశాఖపట్టణపు ఆడుబిడ్డ యర్రాజి జ్యోతి నూఱు మీటర్ల హర్డిల్సు పరుగునకు మన దేశము పక్షమున పోవుచుండెను. తండ్రి కావలియుద్యోగము చేసి, తల్లి ఇండ్లలోను ఆసుపత్రిలోను పనిచేసి పెంచిన బిడ్డ. ఆ యేటి జూలైలోనే బాంకాకులో జరిగిన ఆసియా పోటీలలో స్వర్ణము గెలిచివచ్చెను. ఆమె పేరు వినినంతనే మా వీథి స్త్రీలకు మేను పులకరించెడిది. కూరల బుట్ట దింపుచున్నవారు సయితము “మన పిల్ల ఏనాడు పరుగెత్తును?” అని యడుగుచుండిరి.

ఆ ఉత్సాహములో ఎదురింటి వదినగారు ఒక యాలోచన చెప్పిరి. “ఏ దేశము ఏ స్థానమునకు వచ్చునో ముందుగా మనమే వ్రాసియుంచుదము. ఎవరి జోస్యము దగ్గఱగా నుండునో వారికి బహుమానము.” వీథి చివర బట్టల దుకాణమువారి యిల్లాలు పొందూరు ఖద్దరు చీర నొకటి బహుమానముగా నిత్తునని మాట యిచ్చిరి. పాల్గొనువారు పైసయైనను పెట్టబనిలేదని ఆనాడే తీర్మానించుకొంటిమి. డబ్బు కూర్చి గెలిచినవారికి పంచినచో అది జూదమగును. మన రాష్ట్రమున 1974 నాటి జూదనిషేధ చట్టమును 2020లో సవరించి, అంతర్జాలములో ఆడు పందెములను సయితము నిషేధించిరి. చట్టము మాట యటుండనిండు. క్రికెటు పందెములలో జీతము పోగొట్టుకొని వచ్చిన మగవానికి అన్నము వడ్డించు ఇల్లాలి ముఖము మాలో కొందఱు ఎఱిగినదే. కావున మాది వట్టి వినోదము, పైకము లేని పోటీ.

మార్కులు వేయు పని నాకప్పగించిరి. నేను నియమములు మూడు వ్రాసితిని. మొదటిది: పతకముల పట్టికలో మొదటి అయిదు స్థానములకు రాగల దేశములను వరుసగా వ్రాయవలెను. రెండవది: దేశమును స్థానమును రెండును సరిపోయిన 2 మార్కులు, దేశము అయిదింటిలో నుండి స్థానము మాత్రము మాఱిన 1 మార్కు, దేశమే అయిదింటిలో లేకున్న సున్న. మూడవది: ఇరువురికి మార్కులు సమానమైనచో, భారతదేశమునకు రాగల స్వర్ణములు, రజతములు, కాంస్యములు ఎన్నెన్నియో ప్రతివారును ముందే వ్రాసియిచ్చిన సంఖ్యలను అసలు సంఖ్యలతో పోల్చవలెను, మూడు గడులలోని తేడాలను కూడి, తక్కువ వచ్చినవారికి బహుమానము. చీటీలు 22వ తేదీ సాయంకాలములోగా నాకు చేరవలెను. చేరినపిదప మార్పు లేదు.

మావారు నియమములు చదివి, “పాత పట్టికను చూచి యెత్తివ్రాసినవారికి ఎన్ని మార్కులు వచ్చునో ఆలోచించితివా?” అని మాత్రమడిగిరి. అన్నము వార్చుచున్న వేళయగుటచే నేనంతగా చెవినిబెట్టలేదు.

పట్టిక చదువు విధమును తెలియని సోదరీమణులకొఱకు ఇచ్చట కొంచెము చెప్పెదను. సాధారణముగా పత్రికలలో వచ్చు పట్టిక స్వర్ణములనుబట్టి వరుస కట్టబడును. స్వర్ణములు సమానమైన రజతములను, అవియు సమానమైన కాంస్యములను చూతురు. అనగా ఒక్క స్వర్ణము పది రజతములకంటె పెద్దదిగా నిలుచును. హాంగ్‌ఝౌ పట్టికలో దీని ఫలము చక్కగా కనబడును. బహ్రెయిను అను చిన్న దేశమునకు వచ్చిన పతకములు మొత్తము 20. వానిలో 12 స్వర్ణములగుటచే 9వ స్థానము దక్కెను. కజకస్థానమునకు దాదాపు 80 పతకములు వచ్చియు స్వర్ణములు 10 మాత్రమే యగుటచే 11వ స్థానమున నిలిచెను. జపానునకు 52 స్వర్ణములతో మొత్తము 188. దక్షిణ కొరియాకు 42 స్వర్ణములతో మొత్తము 190. స్వర్ణములనుబట్టి జపాను రెండవది. మొత్తమునుబట్టి కొరియా రెండవది. పట్టిక యొకటే, చదువు కన్ను మాఱిన వరుస మాఱును.

ఇక చీటీల సంగతి. తొమ్మిదిమంది వ్రాసియిచ్చిరి. వారిలో ఎనిమిదిమంది మా యరుగువారు. తొమ్మిదవది మాకు నిత్యము ఆకుకూరలు తెచ్చియిచ్చు అప్ప కూతురు. మార్కెట్టులో తల్లి దుకాణము ప్రక్కన కూరుచుండి ఇంటర్మీడియేటు పుస్తకములు చదువుకొను బాలిక. తోటకూర కట్టలిచ్చుటకు వచ్చి, మా మాటలు విని, “అమ్మగారూ, నేనును వ్రాయవచ్చునా?” అని యడిగెను. వ్రాయుమంటిని.

క్రీడలు ముగిసిన నాటి పట్టికలో మొదటి అయిదు స్థానములు వరుసగా చైనా, జపాను, దక్షిణ కొరియా, భారతము, ఉజ్బెకిస్థానము. మన దేశమునకు మొత్తము 107 పతకములు వచ్చెను. నూఱు దాటుట అదియే ప్రథమము. అయిదేండ్లకు ముందు 2018లో జకార్తా, పాలెంబాంగు నగరములలో జరిగిన క్రీడలలో మనది 8వ స్థానము. అప్పుడు మొదటి అయిదు వరుసగా చైనా, జపాను, కొరియా, ఇండోనేషియా, ఉజ్బెకిస్థానము.

వదినగారు ఆ 2018 పట్టికను అక్షరము మార్చక వ్రాసియిచ్చిరి. ఇండోనేషియా ఆ యేడు తన యింటనే క్రీడలు జరుపుకొనుటచే పైకి వచ్చినదను సంగతిని వారు తలపలేదు. అయినను నాలుగు స్థానములు అచ్చుగ్రుద్దినట్లు సరిపోయి 8 మార్కులు వచ్చెను. బాలిక వ్రాసినది చైనా, కొరియా, జపాను, భారతము, ఉజ్బెకిస్థానము. ఎనిమిదవ స్థానముననున్న మన దేశము నాలుగవ స్థానమునకు ఎక్కునని చెప్పినది ఆ బాలిక యొక్కతెయే. జపాను కొరియాలు తాఱుమాఱగుటచే ఆ రెండింటికి ఒక్కొక్క మార్కు, తక్కిన మూడింటికి రెండేసి, మొత్తము 8. తక్కిన యేడుగురును వెనుకబడిరి. ఒకరు గ్రంథము చూచి వ్రాసిరి. ఒకతె ఊహించి వ్రాసెను. నా మార్కులకు ఇరువురును సమానులే! మావారి ప్రశ్న అప్పుడు జ్ఞప్తికి వచ్చెను గాని, వ్రాసిన నియమము వ్రాసినదే గదా.

మూడవ నియమము చొప్పున మన దేశపు పతకముల గడులు చూడవలసివచ్చెను. వదినగారు 20 స్వర్ణములు, 37 రజతములు, 42 కాంస్యములు వ్రాసిరి. బాలిక 25, 41, 38 వ్రాసెను. నేను ప్రతిదినము సాయంకాలము దూరదర్శినిలో చూచి నా పుస్తకములో గీతలు గీసియుంచిన లెక్క ప్రకారము మన స్వర్ణములు 28, రజతములు 37, కాంస్యములు 42. వదినగారికి స్వర్ణములలో 8 తేడా, తక్కిన గడులలో సున్న, మొత్తము 8. బాలికకు 3, 4, 4, మొత్తము 11. రజత కాంస్యములు రెండును సరిగా చెప్పిన వదినగారిని చూచి అందఱమును అబ్బురపడితిమి. నా లెక్క సరియా యని గడులన్నియు కూడిచూచితిని. 107. పత్రికలలోని మొత్తముతో సరిపోయెను. లెక్క కాగితమును అరుగు గోడకు అంటించి, చీరను వదినగారి చేతికిచ్చితిమి.

అప్పుడు మాలో ఒకరు నవ్వుచు, “కూరలు తూచు లెక్క వేఱు, ఖండముల లెక్క వేఱు” అనిరి. బాలిక బుట్ట యెత్తుకొని వెడలిపోయెను. ఆ మాట అన్నది నేను కాదు. కాని కొందఱు నవ్విరి, నేను మందలింపలేదు.

విజయదశమినాడు వదినగారు ఆ పొందూరు చీర కట్టుకొని మా యింటికి పేరంటమునకు వచ్చిరి. మఱునాడు ఉదయము బాలిక ఆకుకూరలు తెచ్చి, గోడమీది కాగితము నెదుట నిలిచి, మెల్లగా అడిగెను. “అమ్మగారూ, మనవి రజతములు ముప్పది యెనిమిది గదా? ఇచ్చట ముప్పది యేడున్నవేమి?” నేను మొత్తము సరిపోయినదని చెప్పితిని. “మొత్తము సరిపోవును. జ్యోతిది కాంస్యము కాదు, రజతము. మీరు ఆనాటి రాత్రి వార్త చూడలేదు కాబోలు” అనెను.

పుస్తకము తెఱచి చూచుకొంటిని. అక్టోబరు 1వ తేదీ ఎదుట నా చేతివ్రాతలో “జ్యోతి, కాంస్యము” అని యున్నది.

ఆనాడు జరిగినదేమనగా, పరుగు ఆరంభములో తుపాకి మ్రోగకమునుపే చైనా యువతి వూ యన్ని కదలెను. ప్రక్కనున్న జ్యోతియు కదలినదని తలచి అధికారులు ఇరువురికిని ఎఱ్ఱ చీటీ చూపిరి. 2010 నుండి ఉన్న నియమము ప్రకారము తొలి తప్పునకే పోటీనుండి తొలగింపు. జ్యోతి ఊరకుండలేదు, తాను ముందుగా కదలలేదని నిలిచి వాదించెను. తుదకు ఇరువురిని పరుగెత్తనిచ్చి, తీర్పు పిదప చెప్పుదుమనిరి. జ్యోతి 12.91 సెకండ్లలో మూడవదిగా ముగించెను. కాంస్యమని ప్రకటించిరి. పిమ్మట చిత్రములు పరిశీలించి, ముందు కదలినది వూ యన్నియేయని తేల్చి, రెండవదిగా వచ్చిన ఆమెను తొలగించిరి. జ్యోతి కాంస్యము రజతమాయెను. మొదటి ప్రకటన వినగానే నేను గీత గీసి, దూరదర్శిని ఆపి, వంటింటిలోనికి పోతిని. మన యూరి పిల్ల తనకు రావలసినదానికై అంత జనములో నిలిచి వాదించుచుండగా, నేను పప్పు మాడునని లేచిపోయితిని.

లెక్క దిద్దితిని. 28, 38, 41. వదినగారి తేడా 8, 1, 1, మొత్తము 10. బాలిక తేడా 3, 3, 3; మొత్తము 9. ఒక పతకము ఒక గడినుండి ప్రక్కగడికి జరిగినంతనే ఒకరి తేడా రెండు పెరిగెను, మఱియొకరిది రెండు తగ్గెను, బహుమానము చేయి మాఱెను. మొత్తమును మాత్రము చూచుకొని తృప్తిపడుట యెంత ప్రమాదమో అప్పుడు బోధపడెను. బియ్యపు డబ్బాలోని డబ్బు పప్పు డబ్బాలో వేసినను ఇంటి మొత్తము తగ్గదు; కాని బియ్యమువానికి బాకీ నిలుచును.

సోదరీమణులారా, ఆ పగలంతయు నా మనస్సు వెదకినది సత్యమును కాదు, తప్పించుకొను త్రోవను. వేఱు పద్ధతులతో మార్కులు వేసి చూచితిని. మొత్తము పతకములనుబట్టి వరుస కట్టినచో చైనా, కొరియా, జపాను, భారతము, కజకస్థానము వచ్చును; బాలికకు 8, వదినగారికి 4 మాత్రమే. స్థానముల దూరమును కొలిచినచో బాలిక తప్పినది రెండు మెట్లు. వదినగారు నాలుగవదన్న ఇండోనేషియా 13వ స్థానమున నుండుటచే వారు తప్పినది తొమ్మిది మెట్లు. ఏ విధమున చూచినను బాలికయే గెలుచును. “పద్ధతి సరిగాలేదని తెలిసి మార్చితిమి” అని చెప్పినచో నా గీత తప్పిన సంగతి బయటపడనక్కఱలేదు గదా!

రాత్రి ఈ యుపాయమును మావారితో చెప్పితిని. వారు కొంతసేపు మాటాడక, పిదప ఇట్లనిరి. “పరీక్ష వ్రాసినపిదప మార్కుల పద్ధతి మార్చు ఉపాధ్యాయుని ఏ పిల్లవాడును నమ్మడు. నీ నియమము చెడ్డదైనను ఈ పోటీకి దానిని మార్చరాదు. నీ లెక్క తప్పైనచో మార్చక తీరదు. ఈ రెండింటిని కలుపవలదు.”

నాకు నన్నయభట్టారకుని ఆరణ్యపర్వమునందలి నలోపాఖ్యానము స్ఫురించెను. ఋతుపర్ణ మహారాజు రథములో పోవుచు దారిప్రక్కని తాండ్రచెట్టును చూచి, దాని యాకులు ఇన్ని, కాయలు ఇన్ని యని చెప్పెను. సారథి వేషముననున్న నలుడు ఆ మాటను గౌరవించెను గాని అంతటితో విడువలేదు. తొందర పనియున్నను రథము నిలిపి, చెట్టు పడగొట్టి, లెక్కించి చూచెను. సరిపోయినపిదపనే ఆ విద్యను కోరెను. చిన్ననాటినుండి ఎన్నిమాఱులో చదివిన కథ. జోస్యము చెప్పువానికంటె లెక్కించువానికి ఓర్పు ఎక్కువ కావలెనని అందులోనున్నట్లు ఆ రాత్రివఱకు నాకు తోచలేదు.

మఱునాడు నా పొదుపు డబ్బు తీసికొని మార్కెట్టునకు పోయితిని. అప్ప కొత్తిమీర కట్టలు తడుపుచుండెను. జరిగినది చెప్పి, “అటువంటి చీరయే కొని యీ సాయంకాలము మీ యింటికి తెచ్చియిత్తును” అంటిని. ఆమె చేతులు తుడుచుకొని, నా ముఖము చూచి, నెమ్మదిగా పలికెను. “చీర మా యింటికి తెచ్చెదరు, సరే అమ్మగారూ. అరుగుమీద అన్న మాటను ఎవరు తీసికొనిపోవుదురు?”

నాకు బదులు దొరకలేదు. చాటున ఇచ్చిన న్యాయము సగము న్యాయమే యని చదువురాని ఆ తల్లి నాకు చెప్పెను.

పిదప వదినగారి యింటికి పోతిని. వారు మొదట కష్టపెట్టుకొనిరి. “కట్టిన చీరను తిరిగి ఎట్లిత్తును? ఇయ్యకుండ ఎట్లుందును? పదిమందిలో నన్నేల గెలిపించితివి?” అనిరి. ఆ కోపము న్యాయమైనదే. వారు చేసిన తప్పేమియు లేదు. నియమము అనుమతించినట్లే వ్రాసిరి, నేను ప్రకటించినట్లే పుచ్చుకొనిరి. చీర వారియొద్దనే యుండవలెననియు, క్రొత్తచీర వెల నాదేయనియు చెప్పి ఒప్పించితిని. గడప దాటుచుండగా వారే పిలిచి, “నీవు చెప్పునప్పుడు నేనును వచ్చి ప్రక్కన కూరుచుందును” అనిరి. ఆ మాటతో నా గుండె కొంత తేలికపడెను.

గురువారమునాడు బురుజుపేట కనకమహాలక్ష్మి దర్శనము చేసికొని అందఱును మా యరుగునకు చేరిరి. అప్పయు బాలికయు వచ్చిరి. నేను గోడమీది కాగితము తీసి, ఏ తేదీన ఏ గడిలో ఏ గీత తప్పితినో చూపి, క్రొత్త లెక్క అందఱి యెదుట వేసి, గెలిచినది ఆ బాలికయని చదివితిని. ఖండముల లెక్క వేఱన్నవారు లేచి, “మాట జాఱితిని తల్లీ” అనిరి. బాలిక చీరను తల్లి యొడిలోనుంచి, “క్రిందటిసారి ఆతిథ్యమిచ్చిన దేశమునకు ఈసారి తగ్గునని చూచుకొంటిని. ఇండోనేషియా తగ్గిన ఆ చోటికి ఎవరు వత్తురా యని వెదకితిని. అంతియే” అని తన లెక్క చెప్పెను. జోస్యమనిన కన్నులు మూసికొని చెప్పునది కాదని ఆనాడు పెద్దలము నేర్చుకొంటిమి.

పిదప క్రొత్త నియమములు అందఱమును కూడి వ్రాసితిమి. ఇటువంటి వినోదము జరుపుకొనదలచిన సోదరీమణులకు ఉపయోగపడునని ఇచ్చట ఇచ్చుచున్నాను.

ఒకటి: వరుస స్వర్ణములనుబట్టియా, మొత్తమునుబట్టియా యనునది చీటీలు పుచ్చుకొనకమునుపే వ్రాయవలెను.

రెండు: స్థానము సరిపోయిన 5 మార్కులు, ఒక్కొక్క మెట్టు తప్పిన ఒక్కొక్క మార్కు తగ్గింపు, సున్నకు క్రిందికి పోరాదు. ఒక మెట్టు తప్పినవారును, తొమ్మిది మెట్లు తప్పినవారును ఒకటి కాగూడదు.

మూడు: క్రిందటి క్రీడల పట్టికను మాటలాడని పోటీదారుగా కూరుచుండబెట్టవలెను. దానికి వచ్చు మార్కులను మించినవారికే బహుమానము. ఎత్తివ్రాసినవారు దానితో సమానముగా నిలుతురు గాని గెలువరు.

నాలుగు: ముగింపు దినమునకు మూడవనాటి మధ్యాహ్నమున అధికారుల పట్టికలోనున్న సంఖ్యలే తుది సంఖ్యలు. ఇది యేల యనగా, పతకములు ఏండ్లు గడచినపిదపను మాఱును. 2008 బీజింగు ఒలింపిక్సు ముగిసిననాడు చైనాకు 51 స్వర్ణములు. నిషిద్ధ ఔషధముల కారణమున ముగ్గురు బరువులెత్తు స్త్రీల స్వర్ణములను 2017లో తీసివేయగా 48 అయ్యెను. తొమ్మిదేండ్ల పిదప మన యింటి చీరను వెనుకకు అడుగలేము. అధికారులు తీర్పు మార్చుట వేఱు, మనము తప్పు వ్రాసికొనుట వేఱు. మొదటిదానికి గడువు పెట్టవచ్చును, రెండవదానికి పెట్టరాదు.

అయిదు: లెక్క ఇరువురు వేఱువేఱుగా వ్రాసి, మొత్తమునే గాక ప్రతి గడిని సరిచూచుకొనవలెను. మా రెండవ పుస్తకము ఇప్పుడు ఆ బాలికయొద్ద నున్నది.

ఈ నియమములను 2024 పారిసు ఒలింపిక్సునకు పరీక్షించితిమి. అచ్చట మొదటి అయిదు అమెరికా, చైనా, జపాను, ఆస్ట్రేలియా, ఫ్రాన్సు. టోక్యోనాటి పాత పట్టికలో అమెరికా, చైనా, జపాను, బ్రిటను, రష్యా క్రీడాకారుల బృందము. ఆ బృందము పారిసులో లేనేలేదు. బ్రిటను 7వ స్థానమునకు దిగెను. మాటలాడని పోటీదారుకు 25కు 17 మార్కులు. బాలిక చైనాను మొదట, అమెరికాను రెండవదిగా వ్రాసెను. తరువాత జపాను, ఫ్రాన్సు, ఆస్ట్రేలియా. నిజమునకు చైనా అమెరికాలకు చెఱి 40 స్వర్ణములు! తుదినాడు అమెరికా స్త్రీలు బాస్కెట్‌బాలులో ఫ్రాన్సును 67–66తో, ఒక్క పాయింటుతో గెలిచి ఆ నలుబదియవ స్వర్ణము తెచ్చిరి. రజతములు అమెరికాకు 44, చైనాకు 27 యగుటచే అమెరికా మొదటిదాయెను. బాలికకు 21 వచ్చెను. వదినగారు ఈసారి పాత పట్టిక ముట్టక, తామే ఆలోచించి అమెరికా, చైనా, జపాను, ఆస్ట్రేలియా, బ్రిటను అని వ్రాసి 23 మార్కులతో గెలిచిరి. బాలికయే లెక్క సరిచూచి ప్రకటించెను. 2026 నాటి ఐచి–నగోయా ఆసియా క్రీడలకును ఈ నియమములే యని అందఱును సమ్మతించిరి.

అదే పారిసులో మన దేశమునకు ఒక రజతము, అయిదు కాంస్యములు, మొత్తము 6 వచ్చి 71వ స్థానము దక్కెను. టోక్యోలో 7 వచ్చినప్పుడు 48వ స్థానము. ఒక్క పతకము తగ్గినందుకు ఇరువదిమూడు మెట్లు దిగుట యేమని మా యరుగున ఒకరు ఆశ్చర్యపడిరి. టోక్యోలో నీరజ్ చోప్రా తెచ్చిన స్వర్ణము ఒకటి యుండెను, పారిసులో స్వర్ణము లేదు. పట్టిక చదువు కన్ను అటువంటిది. ఒలింపిక్సు శాసనగ్రంథములోనే, ఈ పోటీలు క్రీడాకారులకు నడుమ జరుగునవి గాని దేశములకు నడుమ కాదని వ్రాసియున్నది. పట్టికలు కట్టుకొనువారము మనమే.

పారిసులో యర్రాజి జ్యోతియు పరుగెత్తెను. ఒలింపిక్సులో నూఱు మీటర్ల హర్డిల్సు పరుగెత్తిన మొదటి భారతీయ స్త్రీ ఆమెయే. తుది పోటీకి చేరలేదు, పతకము రాలేదు. బాలిక ఆనాటి తేదీ యెదుట పుస్తకములో గీత గీయుటకు గడి లేక, అంచున “జ్యోతి పరుగెత్తినది” అని వ్రాసియుంచెను. నేను దానిని కొట్టివేయలేదు.

మీ వీథులలో ఇటువంటి వినోదములు జరుపుకొనువారున్నచో, మీ నియమములెట్టివో, ఎచ్చట చిక్కువచ్చెనో వ్రాసి పంపగోరెదను. వచ్చు మాసమున మా యరుగుమీద మఱల కలిసికొందము.